ముందు రాజీనామా... బకెట్ సంగతి తర్వాత!

ఆరోపణ వచ్చిందా, రాజీనామా చేసెయ్యాలి! విచారణంటారా? అదంతా తీరికున్నవాళ్ల పని.

నిజం చెప్పండి, ఇంతకు మించిన సుఖముందా? పొద్దున టీవీలో ఆరోపణ, మధ్యాహ్నానికి రాజీనామా, సాయంత్రానికి కొత్త మంత్రి! కోర్టుకు పని తప్పింది, పోలీసులకు పెట్రోలు మిగిలింది. వెళ్లేవాడికో దండ, వచ్చేవాడికో దండ... పూలకొట్టాయన పంట పండింది!

మొన్నో మంత్రిగారు మూట పట్టుకుని కారెక్కుతున్న వీడియో వచ్చింది. మా అపార్ట్‌మెంట్ గ్రూపులో "రాజీనామా!" అని మొదట కొట్టింది నేనే. పాపం, ఆయన దిగిపోయాక తేలింది, మూటలో ఉన్నవి మాసిన బట్టలట. అయితే ఏంటట? మంత్రయ్యుండి బట్టలు మాయనిస్తారా ఎవరైనా?

అలాంటి నేను ఆదివారంనాడు పంపు గదిలోంచి నిండు బకెట్‌తో బయటికొచ్చాను. లోపల పైపు కారుతోంది, నీళ్లు ఎత్తిపోస్తున్నాను. అపార్ట్‌మెంట్ సెక్రటరీని కదా, తప్పుతుందా! ఆ కుర్చీలో జీతం లేదు గానీ, నన్ను చూస్తే వాచ్‌మన్ లేచి నిలబడతాడు. అదే నాకు పదివేలు.

ఖర్మకొద్దీ ఆ రోజే ఎవరి కుళాయిలోనూ నీళ్లు రాలేదు. మూడో అంతస్తులో అత్తారింట్లో ఉండే అల్లుడుగారు ఫోటో తీసి గ్రూపులో పెట్టేశారు. కింద "నీళ్ల దొంగ!" అని రాశారు.

క్షణంలో "రాజీనామా!" అని పడింది. ఎవరా అని చూస్తే మా ఆవిడ!

"ఏమే, పైపు కారుతోందని నీకు తెలుసుగా!"

"తెలుసు. ముందు దిగాలి, తర్వాత మాట్లాడాలి అన్నది మీరేగా? మంత్రికో రూలు, మీకో రూలా?"

దిగిపోయాను. కొత్త సెక్రటరీ ఎవరనుకున్నారు? ఫోటో తీసిన అల్లుడుగారే!

"మరి విచారణ ఎప్పుడు బాబూ?" అని అడిగాను.

"భలేవారే అంకుల్! తప్పు చెయ్యకపోతే రాజీనామా ఎందుకు చేస్తారు? ఇంకా విచారణ దేనికి?"

చూశారా, ఎంత గట్టి పద్ధతో! ఆరోపణ ఉంది కాబట్టి రాజీనామా, రాజీనామా చేశాడు కాబట్టి ఆరోపణ నిజం. మధ్యలో ఒక్క సాక్షినీ పిలవక్కర్లేదు!

పైపు మాత్రం ఇంకా కారుతూనే ఉంది. ఇవాళ పొద్దున అల్లుడుగారు పంపు గదిలోంచి నిండు బకెట్‌తో, తడిసిన ప్యాంటుతో బయటికొచ్చారు. ఆ నీళ్లు ఎక్కడివో నాకన్నా బాగా ఎవరికి తెలుసు?

ఫోటో చాలా బాగా వచ్చింది. గ్రూపులో పెట్టాను. మా ఆవిడ అప్పుడే ఏదో టైపు చేస్తోంది!