రేపటిని నమ్మని పిల్లి

టైలర్ షాపు పెట్టే ప్రతి మనిషికీ ప్రభుత్వం లైసెన్సుతో పాటు ఒక పిల్లిని కూడా ఇవ్వాలని నా డిమాండ్. ఏదో ఒక పిల్లి కాదు, షెల్టర్ నుంచి తెచ్చిన పిల్లే కావాలి.

నవ్వకండి. చిలకలగూడలో ముప్ఫై ఏళ్లుగా లేడీస్ టైలర్‌గా ఉన్న తుకారాం చెబుతున్న మాట ఇది. నేను కుట్టిన బ్లౌజు వేసుకుని ఒకావిడ స్టేషన్లో నిలబడితే లోకల్ రైలు రెండు నిమిషాలు ఎక్కువ ఆగింది. గార్డు దిగొచ్చి, వాళ్లావిడ కోసం, టైలర్ అడ్రసు రాసుకుపోయాడు. అలాంటివాడు ఊరికే మాట్లాడతాడా?

నా కుట్టులో లోపం లేదు. నాలో ఉందంటారా, ఒక్కటే. టైముకు ఇవ్వను. "రేపు రండమ్మా" అంటాను. వస్తే మళ్లీ రేపు రమ్మంటాను. దీన్ని కొందరు అబద్ధం అంటారు. రేపు అనేది రోజూ ఉంటుంది కదా, అబద్ధం ఎలా అవుతుంది?

మెట్టుగూడ లీలాకుమారమ్మను అడగండి. పెద్దమ్మాయి ఎంగేజ్‌మెంట్‌కని పట్టు బ్లౌజు కుట్టమని ఇచ్చారు. ఎంగేజ్‌మెంట్ అయింది, పెళ్లయింది, ఇప్పుడు మనవడి తొట్టెల ఫంక్షన్ వచ్చింది. వచ్చినప్పుడల్లా ఆవిడ అడిగేది ఒకటే. "పక్కానా అన్నా?" నేను చెప్పేదీ ఒకటే. "పక్కా."

ఆ బ్లౌజు లైనింగే ఎలుక కొరికింది. మామూలు ఎలుక కాదు. చెబితే నమ్మరని టేపు పెట్టి కొలిచాను. పొడుగు పద్దెనిమిది, నడుము పన్నెండు. కొలుస్తుంటే కదలకుండా నిలబడింది కూడా.

అందుకే కాప్రా దాకా పోయి, అక్కడి జంతువుల షెల్టర్లో పిల్లిని అడిగాను. యోగిత అనే అమ్మాయి నాలుగు పేజీల ఫారం తీసింది. మా అమ్మాయి పెళ్లికి సుత ఇన్ని ప్రశ్నలు ఎవరూ అడగలేదు.

"కిటికీకి జాలీ ఎప్పుడు కొట్టిస్తరు అంకుల్?"

"రేపు."

"ఇంకో టీకా ఉన్నది. డాక్టర్ దగ్గరికి ఎప్పుడు తీస్కపోతరు?"

"రేపే తల్లీ."

"ఇసుక ట్రే?"

"రేపు పొద్దుగాల్నే."

పాపం చిన్నపిల్ల. ఇంకా ఏ టైలర్‌కూ బట్టలు ఇచ్చి ఉండదు. ప్రతి గడిలో మర్నాటి తారీఖు వేసుకుంది. "పదిహేనో రోజు నేనే వచ్చి చూస్త. అన్నీ మంచిగుంటె పిల్లి మీదే. నచ్చకపోతె ఆ లోపల తెచ్చియ్యండి" అంది.

అలా బాబిన్ మా షాపుకు వచ్చింది. మిషన్లో దారం చుట్టే బాబిన్ పేరు, నేనే పెట్టాను. ఎర్రటి ఒళ్లు, ఎడమ చెవి కొస కత్తిరించి ఉంది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిన గుర్తట. కటింగ్ మాత్రం శుభ్రంగా ఉంది, ఎవరో పనిమంతుడే చేశాడు.

మొదటిరోజు ఎలుక వచ్చింది. బాబిన్ చూసింది. లేచి, కొంచెం జరిగి, ఎలుకకు దారి ఇచ్చింది. రెండోరోజు నల్ల క్రేప్ మీద పడుకుని లేచేసరికి అది ఎర్ర క్రేప్ అయింది. మూడోరోజు దారపు ఉండ ఒకటి పట్టుకుపోయింది. ఆ దారం వెంట వెతుక్కుంటూ పోతే సీతాఫల్‌మండిలో తేలాను.

మా ఆవిడ శారదమ్మ నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఏందయ్యా, ఎలుకలను పట్టనీకె తెచ్చినవా, వాటికి తోడు తెచ్చినవా? ఇచ్చిరాపో."

నాకూ అదే అనిపించింది. నిజం చెప్పాలంటే తెచ్చిన గంటకే అనిపించింది. "రేపు ఇచ్చొస్త" అన్నాను.

నాలుగోరోజు మళ్లీ అడిగింది. రేపన్నాను. ఐదోరోజూ అంతే.

పాఠకులారా, ఇక్కడే ఆ పిల్లి గొప్పతనం బయటపడింది. ఆరోరోజు లీలాకుమారమ్మ వచ్చారు. ఆవిడ ముఖం చూసి నేను టేబుల్ కింద సూది వెతుక్కోవడం షురూ చేశాను.

"ఏదీ అన్నా నా బ్లౌజు?"

"అగో, దాని మీదనే బాబిన్ పండుకున్నది. లేపమంటరా?"

ఆవిడ చూశారు. బాబిన్ ఒక కన్ను తెరిచి, మూసింది.

"వద్దొద్దు, పండుకోనియ్యి. ఎంత ముద్దుగున్నది."

అంతే! ముప్ఫై ఏళ్లుగా నేను కరెంటు పోయిందని, మోటారు కాలిందని, చుట్టాల్లో లేని మనుషుల్ని పోగొట్టుకుంటూ అబద్ధాలు కుట్టాను. ఇప్పుడు ఒక్క పిల్లి చాలు. నాలుగు బ్లౌజుల కట్ట మీద పడుకోబెడితే నలుగురు కస్టమర్లూ దీవించి పోతారు. వారాసిగూడ నుంచి వచ్చేవాళ్లు, తార్నాక నుంచి వచ్చేవాళ్లు. కొందరైతే బట్టలు లేకుండానే వచ్చి, పిల్లిని చూసి, మొహమాటానికి ఒక ఫాల్ కుట్టించుకుని పోయారు.

అందుకే అంటున్నాను, షాపుకొక పిల్లి ఉండాలని.

ఒక్క చిన్న తక్లీఫ్ ఉంది. రోజూ మధ్యాహ్నం నేను పెట్టే పెరుగన్నం దగ్గర కూర్చుని అది నన్ను చూసేది. "రేపు చేప తెస్త బాబిన్" అనేవాడిని. మర్నాడు కూడా చూసేది.

పన్నెండోరోజు టేబుల్ మీద బట్టలున్నాయి, పిల్లి లేదు. ఎదురుగా తాజుద్దీన్ షాపుంది. తాజుద్దీన్ కూడా లేడీస్ టైలరే, కానీ చెప్పిన రోజుకు ఇచ్చేస్తాడు. వృత్తికే మచ్చ తెచ్చే మనిషి. బాబిన్ వాడి ఇస్త్రీ బల్ల మీద కాళ్లు చాపుకుని ఉంది.

"నేను పిలవలే తుకారాం భాయ్" అన్నాడు. "ఒంటిగంటకు నా అన్నం డబ్బా తీస్తె వచ్చి కూసున్నది. చేప తలకాయ ఏసిన. తెల్లారి సుత ఒంటిగంటకే వచ్చింది."

"ఒక్కనాడు రేపు అని చూడు, నీ దగ్గర సుత ఉండదు."

"గట్లెట్లంటం భాయ్? రేపంటె దానికేం ఎరుక?"

బాబిన్ వెనక కస్టమర్లు కూడా రోడ్డు దాటారు. లీలాకుమారమ్మ ఫోన్ చేసి, "నా బట్ట ఇచ్చెయ్యన్నా, తాజు భాయ్‌కి ఇస్త. సాయంత్రం వస్తున్న" అన్నారు. అది ఈ రోజు పొద్దున. ఫోన్ పెట్టేసరికి యోగిత ఫారంతో గుమ్మంలో ఉంది. పదిహేనోరోజు.

జాలీ లేని కిటికీని చూసింది. ట్రే లేని మూలను చూసింది. "అంకుల్, మీ రేపు పద్నాలుగు దినాల కింద అయిపోయింది" అంది. తిట్టలేదు. తిడితే బాగుండేది. "పిల్లి ఏది?"

రోడ్డు అవతలికి చెయ్యి చూపించాను.

"మరి ఫారం ఆయన పేరు మీద మార్చాల్నా?"

"ఇయ్యాల రాయకు బిడ్డా. రేపు రా."

ఆ పిల్ల ఫారం మడిచింది. "పది గంటలకు వస్త. బాబిన్ ఎవరి షాపుల ఉంటె వాళ్ల పేరు రాస్త. నేనైతె పక్కా వస్త."

ముప్ఫై ఏళ్లలో మొదటిసారి నేను ఈ రోజు చేయాల్సిన పని ఈ రోజే చేశాను. కిటికీకి జాలీ కొట్టించాను. ట్రేలో ఇసుక నింపాను. మోండా మార్కెట్ పోయి చేప తెచ్చి, ఒంటిగంటకు మా గుమ్మంలో పెట్టాను. బాబిన్ అక్కడి నుంచే వాసన చూసింది, నన్ను చూసింది, తాజుద్దీన్ వేసిన తలకాయ తింది.

ఇక చేసేదేముంది? బట్టల మీద ఎవరూ పడుకుని లేరు. లైనింగ్ మార్చి లీలాకుమారమ్మ బ్లౌజు కుట్టేశాను. సాయంత్రం ఆవిడ చేతిలో పెడితే లోపలా బయటా తిప్పి చూసి, నా వైపు భయంగా చూశారు.

"పానం మంచిగున్నదా అన్నా?"

కాబట్టి ప్రభుత్వానికి నా డిమాండ్‌లో చిన్న సవరణ. టైలర్‌కు పిల్లిని ఇవ్వొద్దు. టైలర్‌నే పదిహేను రోజులు పిల్లికి ఇచ్చి చూడాలి. నచ్చకపోతే వాపసు.

ఇప్పుడు దీపాలు పెట్టే వేళయింది. షట్టర్ సగం దించి, చేప గిన్నె పక్కన కూర్చున్నాను. ఎదురుగా బాబిన్ తోక ఊపుకుంటూ మా షాపును చూస్తోంది. ఇచ్చిరాపొమ్మని పోరిన శారదమ్మ కూడా వచ్చి పక్కన కూర్చుంది.

"వస్తదంటవా?"

"రేపు వస్తది."

"పక్కానా?"

'పక్కా' అనబోయి ఆగి, చేప గిన్నెను రోడ్డు వైపు ఇంకొంచెం జరిపాను.