మా శాఖ నాలుగు వందల కిలోలు తగ్గిన వైనం

మా గోదాము గుమ్మంలోకి పడవ వచ్చిన వరద ఉంది కదా, దాని తర్వాత మూడో ఏడు ఇది జరిగింది. ఆ ఏడు మా గిడ్డంగుల శాఖ మంత్రిగారు స్టేజీ ఎక్కి, మైకు సర్దుకుని, వంద రోజుల్లో శాఖ నాలుగు వందల కిలోలు తగ్గుతుందని ప్రకటించారు.

విన్నవాళ్లు ధాన్యం అనుకున్నారు. ధాన్యం మా దగ్గర ఎప్పుడూ తగ్గుతూనే ఉంటుంది. దానికి ప్రకటన అక్కర్లేదు. మంత్రిగారు చెప్పింది మనుషుల బరువు. శాఖలో ఉన్న రెండు వందల పన్నెండు మందీ కలిసి నాలుగు వందల కిలోలు తగ్గాలి.

"ఎవరూ ఏమీ మానక్కర్లేదు," అన్నారు మంత్రిగారు. "టిఫిను మానక్కర్లేదు, భోజనం మానక్కర్లేదు, సాయంత్రం చిరుతిండి మానక్కర్లేదు. కడుపు మాడ్చి తగ్గించడం పాత ప్రభుత్వం పద్ధతి. కడుపు నింపి తగ్గించడం మన పద్ధతి."

ఐదు నిమిషాలు చప్పట్లు కొట్టారు. తర్వాత బిస్కెట్లు పంచారు.

ఇంత ముందుచూపున్న మంత్రిని నా సర్వీసులో చూడలేదు. నేను ఆ శాఖలో కాటా మనిషిని. లారీలో వచ్చిన బస్తాని కాటా మీద పెడితే ముల్లు ఎక్కడ ఆగిందో చూసి పుస్తకంలో రాయాలి. ముప్పై నాలుగేళ్లు అదే చేశాను. మనుషుల్ని తూచే మెషిన్ కొనాలంటే టెండర్ పిలవాలి. టెండర్ తేలేలోగా వంద రోజులూ అయిపోతాయి. అందుకని నా కాటానే వాడమన్నారు. లారీల్ని గేటు బయట ఆపేశారు.

ముందు మంత్రిగారే ఎక్కారు.

"నన్ను కూడా మామూలు ఉద్యోగిలాగే చూడండి. మంత్రి అని ప్రత్యేకం ఏమీ వద్దు," అన్నారు.

ఫొటోలవాళ్లు ముందుకొచ్చారు. ముల్లు నూట పద్దెనిమిది దగ్గర ఆగింది. మా పెద్దాఫీసరుగారు వంగి చూసి, "తొంభై రెండు," అని గట్టిగా చదివారు. పేపరువాళ్లు తొంభై రెండు రాసుకున్నారు. మంత్రిగారు కూడా తృప్తిగా తలూపారు. నేను నూట పద్దెనిమిది రాసుకున్నాను. కాటా చెప్పింది రాయడం తప్ప నాకు వేరే అలవాటు లేదు.

పేర్లు మాత్రం రాయనివ్వలేదు. ఈ పని కోసమే డైటీషియన్ అని ఒక అమ్మాయిని ఉద్యోగంలోకి తీసుకున్నారు. "ఒకరి బరువు ఇంకొకరికి తెలియకూడదండీ, అది ఎవరి సొంత విషయం వాళ్లది," అంది ఆ అమ్మాయి. పెద్దాఫీసరుగారికి ఆ మాట నచ్చి సర్క్యులర్ వేశారు. పుస్తకంలో నంబర్లే ఉండాలి. ఏ నంబరు ఎవరిదో వేరే కాగితం మీద రాసి నా పెట్టెలో తాళం వేసి ఉంచాలి. ఎవరడిగినా చెప్పకూడదు. కాటా ఎక్కిన వరసలోనే నంబర్లు వేశాను. మంత్రిగారు ఒకటో నంబరు.

క్యాంటీన్లో వంట చేసే మా చెల్లెలు అరవై ఏడో నంబరు. కాటా దిగుతూ, "ఎంతన్నయ్యా?" అంది.

"రహస్యం."

"నా బరువు నాకు రహస్యమేమిటి?"

"సర్క్యులర్," అన్నాను.

డైటీషియన్ అమ్మాయి చెప్పింది నాలుగు ముక్కలే. రోజూ తినేదే తినండి. చిన్న ప్లేటులో తినండి. నెమ్మదిగా, రుచి చూస్తూ తినండి. ఆకలి తీరగానే లేవండి. పెద్దాఫీసరుగారు రెండు రోజులు తలుపేసుకుని కూర్చుని వాటిని పదకొండు పేజీల ఆర్డర్ చేశారు. అలాంటి బుర్ర ఇంకొకరికి ఉండదు.

చిన్న ప్లేట్లు వచ్చాయి. అందులో ఎన్నిసార్లు పెట్టించుకోవచ్చో ఆర్డర్లో లేదు. నెమ్మదిగా తినాలి కాబట్టి లంచ్ టైం ఒంటిగంట నుంచి నాలుగు దాకా పెంచారు. ముద్దకి ముప్పై సార్లు నమలాలి. నమిలేవాడు లెక్క తప్పుతాడని, లెక్కపెట్టడానికి బల్లకొక గుమాస్తాని వేశారు. పక్కవాడు తింటుంటే చూస్తూ కూర్చునే గుమాస్తాకి ఆకలి వేస్తుంది కదా, అతనికీ ఒక ప్లేటు. రుచి ఎలా ఉందో సాయంత్రానికి మూడు కాపీల్లో రిపోర్ట్ ఇవ్వాలి. రుచి గుర్తు లేనివాళ్లు మళ్లీ తిని రాయాలి. చాలామందికి గుర్తుండేది కాదు.

"ఆకలి తీరగానే లేవమన్నాను కదండీ," అంది డైటీషియన్ అమ్మాయి.

"లేస్తున్నారమ్మా," అన్నారు పెద్దాఫీసరుగారు. "లేచి టీకి వెళ్తున్నారు."

మంత్రిగారు రోజూ తనిఖీకి వచ్చేవారు. చెల్లెలు చేసే బంగాళాదుంప వేపుడు మీద ఆయనకి ప్రత్యేక శ్రద్ధ. నాలుగు చిన్న ప్లేట్లు అక్కడే తనిఖీ చేసి, ఐదోది కారులో తనిఖీ చేసేవారు. ఆయనంత కష్టపడి తనిఖీ చేసిన మంత్రి ఇంకొకరు లేరు.

చెల్లెలి మొగుడు టైలరు. మా బావకి మోకాళ్లు బాగా లేవు. దూరం నడవలేడు. క్యాంటీన్ వెనక రెండు గదుల క్వార్టరు చెల్లెలికిచ్చారు. బావ మిషన్ని క్యాంటీన్ కిటికీ పక్కన వేసుకుని, కూర్చున్నచోటే శాఖ మొత్తం బట్టలు కుట్టేవాడు.

"బావా, మీ మంత్రి దేవుడయ్యా," అన్నాడు ఒక రోజు. "రోజుకి తొమ్మిది ప్యాంట్లు వస్తున్నాయి. అన్నీ నడుం దగ్గర వదులు చెయ్యడానికే."

"ఊఁ."

"మీ పెద్దాఫీసరుది రెండోసారి వచ్చింది. విప్పడానికి లోపల గుడ్డ మిగల్లేదు. వేరే గుడ్డ అతికాను. ఏ రంగని ఆయన అడగలేదు, నేను చెప్పలేదు."

ఎనభయ్యో రోజు మళ్లీ అందర్నీ తూచాను. శాఖ నూట ముప్పై ఏడు కిలోలు పెరిగింది.

పెద్దాఫీసరుగారు పుస్తకం రెండు వైపులా తిప్పి చూశారు. "ఎక్కడ పెరిగిందయ్యా కాటా?" అన్నారు. నన్ను అలాగే పిలిచేవారు.

"మనుషుల్లోనండి," అన్నాను.

అప్పుడే డైటీషియన్ అమ్మాయి వచ్చి రాజీనామా కాగితం బల్ల మీద పెట్టింది. "ఇక్కడ నాకు పని లేదు సార్. నేను చెప్పిందొకటి, ఇక్కడ జరుగుతున్నదొకటి."

ఆయన ఓదార్చడానికి నోరు తెరిచి, ఆగి, పుస్తకం వైపు చూశారు. "నువ్వు కూడా శాఖ లెక్కలో ఉన్నావు కదమ్మా. ఎంత?"

"నలభై ఏడు సార్."

ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "ఒక్క సంతకం. నలభై ఏడు కిలోలు. నోరు కట్టుకోనక్కర్లేదు, చెమట పట్టనక్కర్లేదు." ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ నీళ్లు తన కోసమే అనుకుని ఆ అమ్మాయి మెత్తబడి, కావాలంటే ఇంకో నెల ఉంటానంది. అప్పటికే ఆయన సంతకం పెట్టేశారు.

ఇక లెక్క తేలికే. పెరిగినవి తొంభై మిగిలాయి. తగ్గుతామన్నవి నాలుగు వందలు. మొత్తం నాలుగు వందల తొంభై కిలోల్ని ఇరవై రోజుల్లో వేరే శాఖకి పంపించాలి. రోడ్ల శాఖలో ఖాళీలున్నాయి.

"ఐదుగురు చాలు," అన్నారు పెద్దాఫీసరుగారు. "కాటా, శాఖలో అందరి నంబర్లూ బరువు వరసలో రాసుకురా. పైనుంచి ఐదు నంబర్లు రోడ్ల శాఖకి."

రోడ్ల శాఖ అంటే ఊళ్లో ఆఫీసు కాదు. రోడ్డు ఎక్కడ వేస్తుంటే అక్కడ డేరా. పది రోజులకోసారి డేరా కదులుతుంది. వంట కూడా రోడ్డు పక్కనే.

ఆ మధ్యాహ్నం క్యాంటీన్లో కూర్చున్నాను. చెల్లెలు టీ పెట్టి ఎదురుగా కూర్చుంది. వార్త అప్పటికే వంటింటికి వచ్చేసింది.

"ఐదులో నేనున్నానా అన్నయ్యా?"

నేను టీ తాగాను.

"సరే, చెప్పకు. క్వార్టరు ఖాళీ చెయ్యాలంటే మాత్రం ముందే చెప్పు. మిషన్ విప్పడానికి మీ బావకి రెండు రోజులు పడుతుంది."

"డేరాలో మిషన్ ఎక్కడ వేస్తానే?" అన్నాడు బావ కిటికీ దగ్గర్నుంచి.

"రోడ్డు మీద వెయ్యి. వచ్చేపోయే లారీలకి కుట్టు."

ఇద్దరూ నవ్వారు. బావ మళ్లీ మిషన్ తొక్కలేదు. ప్యాంటు సూది కిందే ఉండిపోయింది.

నేను గోదాములోకి వెళ్లి పుస్తకం తెరిచాను. నూట నాలుగు, నూట రెండు, వంద, తొంభై తొమ్మిది. ఐదోది తొంభై ఎనిమిది. అది అరవై ఏడో నంబరు. మా చెల్లెలు.

అయితే వీళ్లందరికన్నా పైన ఇంకొక బరువుంది. నూట ఇరవై ఒకటి. పెద్దాఫీసరుగారు శాఖలో అందరివీ అన్నారు. తనని మామూలు ఉద్యోగిలాగే చూడమని మంత్రిగారు అందరి ముందూ అన్నారు. మంత్రిగారి మాట తీసెయ్యడానికి నేనెంతవాణ్ని. ఒకటో నంబరు మొదట రాశాను. అరవై ఏడు ఆరోది అయింది.

సంతకానికి కాగితం తీసుకుని పెద్దాఫీసరుగారూ నేనూ వెళ్లేసరికి మంత్రిగారు క్యాంటీన్లో మూడో ప్లేటు తనిఖీ చేస్తున్నారు. కాగితాన్ని దూరంగా పెట్టి చదివారు.

"ఒకటో నంబరు, నూట ఇరవై ఒకటా? ఎవడయ్యా వీడు? ఏం తింటాడు?"

"ఇలాంటివాళ్ల వల్లే సార్ శాఖకి చెడ్డపేరు," అన్నారు పెద్దాఫీసరుగారు.

"పేరు చెప్పకు. అది అతని సొంత విషయం. నేను గౌరవిస్తాను. కానీ అందరికన్నా ముందు వీణ్నే పంపించు. మనం ఇక్కడ ఇంత నిష్ఠగా తింటుంటే, వీడికి సిగ్గుండక్కర్లా?"

"ఉండాలి సార్."

సంతకం పెట్టారు. కాగితం మీద వేపుడు నూనె కొంచెం అంటింది. నా వైపు తిరిగి, "ఏం పెద్దాయనా, సరిగ్గా రాశావా?" అన్నారు.

"కాటా చెప్పిందే రాశానండి."

"అదీ నిజాయితీ అంటే," అని పెద్దాఫీసరుగారికి నన్ను చూపించారు. చెల్లెలు నాలుగో ప్లేటు తెచ్చి పెట్టింది.

ఆర్డర్ ఒక కాపీ రోడ్ల శాఖకి వెళ్లింది, ఒకటి ముఖ్యమంత్రిగారి ఆఫీసుకి వెళ్లింది, ఒకటి పేపర్లకి వెళ్లింది. వందో రోజున స్టేజీ కట్టారు. వెళ్లే ఐదుగురికీ స్టేజీ మీద శాలువాలు కప్పి పంపాలని మంత్రిగారి ఆలోచన. శాలువా కప్పాలంటే మనిషి కావాలి కాబట్టి పెద్దాఫీసరుగారు స్టేజీ వెనక నన్ను పేర్ల కాగితం అడిగారు. రాతపూర్వకంగా అడగమన్నాను. రాసిచ్చారు. ఇచ్చాను.

ఆయన చదివారు. ఇంకోసారి చదివారు. మైకు పెట్టె మీద కూర్చున్నారు.

"కాటా, ఇది ముందు చెప్పొద్దా?"

"సర్క్యులర్ అండి."

ఆయన వెళ్లి మంత్రిగారి చెవిలో చెప్పారు. మంత్రిగారు బిస్కెట్ నమలడం ఆపారు.

"రద్దు చెయ్యి," అన్నారు.

"చెయ్యొచ్చు సార్. మీరొక అర్జీ రాసివ్వాలి. ఒకటో నంబరు నేనే, నా బరువు నూట ఇరవై ఒక్క కిలోలు, దయతో నా బదిలీ ఆపవలసింది అని. మూడు కాపీలు. ఒకటి నోటీసు బోర్డుకి."

మంత్రిగారు తెర సందులోంచి చూశారు. మొదటి వరసలో పేపరువాళ్లు కూర్చున్నారు. వాళ్లందరికీ ఆయన తొంభై రెండు కిలోలు.

ఆయన ఇంకో రెండు బిస్కెట్లు తిన్నంతసేపు ఆలోచించారు. తర్వాత మైకు దగ్గరికి వెళ్లారు.

"త్యాగం చెయ్యమని కిందివాళ్లకి చెప్పే నాయకుణ్ని కాదు నేను," అన్నారు. "ఈ శాఖ కోసం మొదట వెళ్లేది నేనే. రోడ్ల శాఖకి వెళ్తున్నాను."

జనం లేచి నిలబడ్డారు. పెద్దాఫీసరుగారు శాలువా కప్పారు. రోడ్ల మంత్రిగారికి మాత్రం సంగతి మర్నాడు పేపర్లో తెలిసింది. పేపర్లో పెద్ద అక్షరాలతో వేశారు, తొంభై రెండు కిలోల త్యాగం అని. మా శాఖ నాలుగు వందలు అనుకుని నాలుగు వందల ముప్పై ఆరు తగ్గింది. షీల్డు ఇచ్చారు. అది అందుకోవడానికి పెద్దాఫీసరుగారు వంగినప్పుడు వెనక అతుకు కనిపించింది. ఆకుపచ్చ.

వారం తర్వాత పొద్దున్నే నేను క్యాంటీన్లో టీ తాగుతున్నాను. ఒక పెద్ద కారు వచ్చి ఆగింది. మంత్రిగారు దిగి, లోపలికి వచ్చి, నా ఎదురుగా బల్ల మీద కూర్చున్నారు. బూట్ల నిండా తారు. చెల్లెలు అడగకుండానే వేపుడు తెచ్చి పెట్టింది. సగం తిన్నాక అడిగారు.

"ఆ ఒకటో నంబరు ఎవరో నీకు ముందే తెలుసా పెద్దాయనా?"

"తెలుసండి."

"మరి చెప్పలేదేం?"

"పేరు చెప్పొద్దన్నారు కదండీ."

ఆయన మిగతా సగం తిన్నారు. చాలా నెమ్మదిగా, రుచి చూస్తూ తిన్నారు. డైటీషియన్ అమ్మాయి చూస్తే సంతోషించేది.

"అక్కడ వంట బాగాలేదు," అన్నారు. "దుంపలు ఉడకవు."

"డేరా కదండీ," అంది చెల్లెలు.

"అయినా పథకం ఆగదు. రేపట్నించి రోడ్ల శాఖలో కూడా మొదలుపెడుతున్నాం. ఈసారి ఐదు వందల కిలోలు."

"మంచిదండి," అన్నాను.

"ఒక్క చిన్న మార్పు చేశాను. అక్కడ నంబర్లు రెండు నుంచి మొదలవుతాయి."

ఇంకో రెండు ప్లేట్లు తిని, ఒకటి కారులో పెట్టించుకుని వెళ్లారు. రోజూ వస్తానని చెల్లెలితో చెప్పారు.

మర్నాడు పొద్దున చెల్లెలు బంగాళాదుంపలు ఒక బస్తాకి బదులు రెండు తెప్పించింది. కాటా ఖాళీగా ఉంది. తూచాను. రెండూ సరిగ్గా ఉన్నాయి.