సుంకులమ్మకు పాలు పడలేదు

ఆలూరు దేవేంద్రప్ప ఆ పొద్దు పెట్టుకున్న పని ఒక్కటే, కొత్త ఆవు పాలు మనవరాలికి పట్టడం. ఎనిమిది నెలల సుంకులమ్మ అంతవరకు తల్లిపాల మీదే పెరిగింది. తాత నాలుగు చెంచాలు పోస్తే చప్పరించి నవ్వింది. చూడవచ్చిన పొరుగింటి గుల్జార్ బీ, "మాషా అల్లా! వెన్నముద్ద లెక్కుండాది పాప" అని మురిసిపోయింది.

ఆమె గడప దాటిందో లేదో, బిడ్డ తాగినదంతా కక్కింది. మూతి చుట్టూ ఎర్రటి దద్దులు లేచి కడుపు దాకా పాకాయి. దేవేంద్రప్ప కూతురు, పాప తల్లి హులిగెమ్మ పరుగున వచ్చి బిడ్డను ఎత్తుకుంది.

"దిష్టి! ఆ గుల్జార్ బీ నోరు ఊరికే పోదు" అన్నాడు దేవేంద్రప్ప.

ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచి పొయ్యిలో వేశారు. ఆ ఘాటుకు ఇంటిల్లిపాదీ దగ్గి దగ్గి వీధిలో పడ్డారు. సాయంత్రానికి దద్దులు అణిగాయి. దిష్టి పోయిందన్న ధైర్యంతో తాత మరునాడు మళ్ళీ పాలు పట్టాడు. దద్దులు మళ్ళీ లేచాయి. గుల్జార్ బీ చూస్తే కర్నూలులో కూతురింటికి పోయి ఉంది. అందుకని నేరం ఆవు మీద పడింది. అమ్మినవాడితో ఊరంతా వినేలా పోట్లాడి, దాన్నిచ్చేసి వేరే ఆవును తోలుకొచ్చాడు. దాని పాలకు దద్దులతో పాటు ఆయాసం కూడా వచ్చింది.

"నాయనా, నీ ఆవులు చాలు. బండి కట్టు" అంది హులిగెమ్మ.

ఆదోని ఆసుపత్రిలో డాక్టరు అంతా విని, బిడ్డకు సూది వేసి, ఊపిరి కుదుటపడ్డాక చెప్పాడు. "ఒంట్లో రోగాన్ని తరిమే బలం ఒకటుంటాదప్పా. ఈ పాప ఒంట్లో అది పాలనే రోగమనుకుంటాంది. తల్లి తాగిన పాలు రవంత చనుబాలలో పోయుంటాయి, అప్పుడే పగబట్టింది. దీన్ని అలర్జీ అంటారు."

"పాలంటే అమృతం గదా సారూ?"

"నీకు అమృతమే. పాప ఒంటికి మాత్రం దొంగ. పాలు, పెరుగు, మజ్జిగ ఏదీ తగలనీయొద్దు. తల్లి కూడా మానాల. శానామందికి రెండు మూడేండ్లలో ఆ పగ దానంతటదే పోతాది."

ఇంట్లో బిడ్డకూ తల్లికీ పాలు బందయ్యాయి. అయినా నాలుగో నాడు బిడ్డ చెంపల మీద మళ్ళీ దద్దులు.

"ఎవురో దొంగతనంగా పోస్తాండారు! ఇంగ నేనే కావలి కూచుంటా, ఎవురొస్తారో చూస్తా" అని దేవేంద్రప్ప ఉయ్యాల పక్కన కర్ర పట్టుకుని కూర్చున్నాడు. తిండికి తప్ప లేవలేదు. బిడ్డ దగ్గరికి పురుగును కూడా రానీయలేదు. ఆయన కావలి పెరిగేకొద్దీ దద్దులూ పెరిగాయి.

కర్నూలు నుంచి వచ్చిన గుల్జార్ బీ గడపలోనే నిలబడి చూసింది. దేవేంద్రప్ప అప్పుడే భోంచేసి వచ్చి, మనవరాలిని రెండు చెంపలా ముద్దాడుతున్నాడు.

"దేవేంద్రన్నా, ఇప్పుడేం తాగితివి?"

"మజ్జిగ. ఏమి?"

"సగం మీసంలోనే ఉండాది."

నోరు మంచిది కాదని తాను తిట్టిన మనిషి ముందే ఆయన గబగబా మీసం తుడుచుకున్నాడు. హులిగెమ్మ నడుము మీద చేతులు పెట్టుకుంది.

"నాయనా, మీసమా? మనవరాలా?"

ముప్పై ఏళ్ళుగా మెలితిప్పుతున్న మీసాన్ని దేవేంద్రప్ప ఆఖరుసారి తడుముకున్నాడు. "మంగలిని పిలిపించు" అన్నాడు మెల్లగా.

మరునాడు నున్నటి మూతి కడుక్కుని ఉయ్యాల మీదికి వంగాడు. బిడ్డ ఒంటిమీద ఒక్క దద్దూ లేవలేదు గానీ, ఈ కొత్త మనిషిని చూసి ఆలూరు దద్దరిల్లేలా ఏడ్చింది.