కీబోర్డు మీద నెత్తుటి మరక

"నేరస్తుడి మనసు ఈ భూమ్మీద ఇద్దరికే తెలుసు. ఒకడు నేరస్తుడు. రెండోవాణ్ణి నేను!"

ఇట్లా ప్రకటించి, ఊళ్ళో కంప్యూటర్లు బాగుచేస్తా తాను డిటెక్టివ్ననుకునే పురుషోత్తమ్ చింతామణిలోని ఒక సైబర్ సెంటర్లోకి కుడికాలు పెట్టి, ఆయుధపూజకు పగలగొట్టిన గుమ్మడికాయ చెక్క మీద జారి, కుర్చీని కరుచుకుని నిలబడినాడు. సెంటర్ మునినారాయణది. ఇద్దరూ ఒకే బడిలో చదివినారు. ఆ పాపం ఇప్పటికీ తీరలేదని మునినారాయణ లెక్క.

"కేసు చెప్పు తల్లీ."

మూలన కూర్చున్న నేత్ర కళ్ళు తుడుచుకునింది. డాక్టర్ల మాటలు టైపు చేసి బెంగుళూరు ఆఫీసుకు పంపేది ఆమె పని.

"ఆఫీసుకు దారి కలిపే వీపీఎన్ తగులుకుంటాది అన్నా. ఆఫీసు సర్వర్ పేరు కొడితే మాత్రం అట్లాంటిది లేదంటాది. ఆ పేర్లు ఆఫీసు డీఎన్ఎస్‌కే, అదే వాళ్ళ పేర్ల పుస్తకానికే, తెలుసంట. వీపీఎన్ తగులుకోంగానే ఆ డీఎన్ఎస్ అడ్రసు లినక్సులో ఒక ఫైల్లో తానే పడాలంట. పండగ నుంచి పడలేదు. పొద్దుగూకే లోపల పని పంపకపోతే రేపట్నుంచి రావద్దంటారు."

"ఆ ఫైలుకా! పండగ దినం నా చేత్తో తాళం వేసినానే, చీమ కూడా మార్చకుండా! అట్లాంటి కోటలో దూరినాడంటే వాడు బాగేపల్లి ముఠావాడే!"

"తాళం వేస్తే వీపీఎన్ కూడా మార్చలేదు కదప్పా..." అన్నాడు మునినారాయణ.

"సాక్షులు నోరు మూసుకోవాల!"

తాళం తానే తీద్దామంటే మునినారాయణ ఏం చేస్తాడు? కంప్యూటరు పాస్‌వర్డు కూడా మార్చి తన దగ్గరే పెట్టుకున్నాడు పురుషోత్తమ్ మహానుభావుడు.

పురుషోత్తమ్ భూతద్దంతో కీబోర్డు మీదికి వంగినాడు. "నెత్తురు!"

"కుంకుమ. మా యమ్మ ప్రతి బటనుకూ పెట్టింది. తుడిస్తే దేవుడికి కోపమంట," అన్నాడు మునినారాయణ.

"మీ యమ్మ వాంగ్మూలం మళ్ళా తీసుకుంటా. ముందు రెండో తాళం వేయాల."

"అన్నా, పొద్దు వాలిపోతాంది!" అనింది నేత్ర.

"భయపడొద్దు తల్లీ. ప్లస్ కొడితే తాళం పడతాది, మైనస్ కొడితే ఊడతాది. ఈ రహస్యం ఈ తాలూకాలో నాకొక్కడికే తెలుసు." పాస్‌వర్డు కొట్టి, కమాండు మొదలుపెట్టి, కుడిపక్క అంకెల చివర ఒకదాని కింద ఒకటి కుంకుమలో మునిగిపోయిన ఆ రెండు బటన్లలో ఒకదాన్ని ఠీవిగా నొక్కినాడు. పైనున్నది నొక్కినాడు. ప్లస్ కిందుండాది.

స్క్రీను ఒక్క మాటా అనలేదు.

"చూస్తివా? నోరెత్తలే. తాళం బిగిసింది!"

స్క్రీను మీద పడిన మైనస్‌ను మునినారాయణ చూసినాడు. మెల్లగా అన్నాడు: "నేత్రా, వీపీఎన్ ఒకతూరి తీసి మళ్ళా తగిలించమ్మా."

తగిలించింది. పేరు కొట్టింది. సర్వర్ తెరుచుకునింది. పని మొత్తం ఆఫీసుకు చేరింది. నేత్ర ఊపిరి వదిలింది.

"నా పేరు వింటానే దొంగ పరారీ!" పురుషోత్తమ్ మీసం దువ్వినాడు. "ఇంగ మూడో తాళం కూడా..."

మునినారాయణ కీబోర్డు లాక్కుని చంకలో పెట్టుకున్నాడు. "ముట్టుకోవద్దప్పా. దీని మీద నేరస్తుడి వేలిముద్ర ఉండాది."

"శభాష్! వాణ్ణి పాతాళంలో ఉన్నా పట్టుకొస్తా!"

ఎర్రబడిన చూపుడువేలు చొక్కాకు తుడుచుకుంటా, పురుషోత్తమ్ బాగేపల్లి బస్సుకు పరిగెత్తినాడు.