అరసున్న గారి బాకీ

ఆ రోజు ఉదయం ప్రూఫ్‌రీడరు గారు వేసుకున్న పథకం చాలా చిన్నది. ప్రెస్సులో రెండు గంటలు పర్మిషన్ తీసుకోవాలి. బ్యాంకుకు వెళ్ళి క్రెడిట్ కార్డు వాళ్ళ మొహాన కొట్టాలి. పదకొండుకల్లా తిరిగొచ్చి తన కుర్చీలో కూర్చోవాలి. సాయంత్రం నాలుగింటికి ఎన్నిక ఉంది.

ఆయనను ప్రెస్సులో అందరూ అరసున్న గారు అంటారు. ఎదురుగా కాదు, ఎదురుగా సార్ అంటారు. ఇప్పుడెవరూ రాయని, రాసినా ఎవరూ పలకని ఆ అక్షరం ఎక్కడైనా జారిపోయిందేమోనని ఇంకా వెతికే మనిషి ఊరు మొత్తానికి ఆయనొక్కరే కాబట్టి ఆ పేరు వచ్చింది. ముప్ఫై ఏళ్ళుగా ఆయన ఎర్ర పెన్సిలు శుభలేఖల నుంచి మందు సీసాల లేబుళ్ళ దాకా దేన్నీ క్షమించలేదు.

ఎన్నిక ప్రెస్సు ఉద్యోగుల పరపతి సంఘానికి. సభ్యులు డెబ్భై మంది. నెలనెలా తలా కాస్త వేస్తారు, అవసరమైనవాళ్ళు అప్పు తీసుకుంటారు, ఇవ్వాలా వద్దా అన్నది కోశాధికారి చూస్తాడు. ఆ పదవికి అరసున్న గారు రెండుసార్లు నిలబడి రెండుసార్లూ ఓడిపోయారు. మొదటిసారి పదకొండు ఓట్లు వచ్చాయి, రెండోసారి తొమ్మిది. వచ్చే ఏడు రిటైరవుతారు కనక ఇదే ఆఖరి అవకాశం. ఆయనకు ఆ పదవి కావాలి. పైకి అనరు గాని చాలా కావాలి. ముప్ఫై ఏళ్ళలో ఆ ప్రెస్సు ఆయనకు తాళం చెవి ఉన్న బల్ల ఒక్కటి ఇవ్వలేదు. కోశాధికారికి ఉంటుంది.

అందుకని ఈసారి సొంత ఖర్చుతో కరపత్రం వేయించారు. "నేను జీవితంలో ఒక్క అప్పూ చేయలేదు. నా దగ్గర క్రెడిట్ కార్డు లేదు" అన్నవి అందులో ముఖ్యమైన వాక్యాలు. సోమవారం అందరికీ పంచారు. మంగళవారం టపాలో కార్డు వచ్చింది.

తప్పు ఆయనదే. రెండు నెలల క్రితం ఒక బ్యాంకు "నిత్యజీవితంలో క్రెడిట్ కార్డు అవసరమా?" అని వ్యాసరచన పోటీ పెడితే, అక్కర్లేదని ఎనిమిది పేజీల్లో తేల్చి పంపారు. న్యాయనిర్ణేతగా కూర్చున్న వ్యాకరణం మాస్టారు, వచ్చిన వ్యాసాలన్నింటిలోనూ అక్షరదోషం లేనిది ఇదొక్కటేనని మొదటి బహుమతి ఇచ్చేశారు. అందులో ఏం రాసి ఉందో మాస్టారు పట్టించుకోలేదు. బ్యాంకు అసలే పట్టించుకోలేదు. మొదటి బహుమతి, ఐదు వేలు జమ చేసిన క్రెడిట్ కార్డు.

కార్డును ఆయన నిఘంటువులో 'అప్పు' ఉన్న పేజీలో దాచారు. ఉదయం దాన్ని బయటికి తీస్తుంటే భార్య వంటింటి గుమ్మంలో నిలబడి చూసింది. ఆమె వెనక కొళాయి టప్పు టప్పుమని కారుతోంది. ఎనిమిది నెలలుగా కారుతోంది.

"ఊరికే వచ్చిన ఐదు వేలు. ఆ కొళాయన్నా మార్పించరాదుటండీ?"

"ఊరికే వచ్చిందేదీ ఊరికే పోదు. కార్డు లేదని అచ్చేయించాను. అచ్చులో అబద్ధం ఉండకూడదు."

"కరపత్రం కోసం కార్డు తీసెయ్యడమెందుకు? ఆ మాటేదో కరపత్రంలోనే కొట్టేస్తే పోయె."

"డెబ్భై మంది చేతుల్లో ఉందే అది!"

"అందులో ఎంతమంది చదివారట?"

ఆ ప్రశ్న ఆయనకు నచ్చలేదు. చెప్పులేసుకుని బయటపడ్డారు.

బ్యాంకు ప్రెస్సు ఉన్న వీధిలోనే ఉంది. అద్దం వెనక కూర్చున్న అమ్మాయి కార్డు తీసుకుని కంప్యూటర్లో చూసింది.

"ఎందుకు మూసేయడం సార్? ఇంకా వాడనే లేదు కదా."

"అందుకేనమ్మా."

"నిల్వ సున్నా ఉంటేనే మూస్తాం సార్. మీది సున్నా లేదు."

"నేనెవరికీ బాకీ లేనే!"

"మీరు కాదు సార్, మేమే మీకు ఐదు వేలు బాకీ."

"అయితే ఇచ్చెయ్యి తల్లీ, పీడా పోతుంది."

"బహుమతి డబ్బు చేతికివ్వరు సార్. కార్డు గీకి మీరే ఖర్చుపెట్టుకోవాలి. నన్నడిగితే ఉంచుకోండి. మీకు ఇంతవరకు ఏ అప్పూ లేదు కాబట్టి మా లెక్కలో మీకసలు పరపతే లేదు. రేపేదైనా అవసరం పడితే ఎవరూ నమ్మరు."

"అప్పు చెయ్యనివాణ్ణి నమ్మరా?"

"ఎప్పుడూ చెయ్యకపోతే, తీరుస్తారో తీర్చరో ఎలా తెలుస్తుంది సార్?"

ముప్ఫై ఏళ్ళుగా పరపతి అన్న మాటకు అర్థం పలుకుబడి అనీ పరువు అనీ అనుకుంటున్న అరసున్న గారికి దిమ్మ తిరిగింది. గొంతు తగ్గించి బతిమాలడం మొదలుపెట్టారు. అయితే అచ్చుయంత్రాల మోతలో ముప్ఫై ఏళ్ళు మాట్లాడిన మనిషి ఎంత తగ్గించినా ఎంత తగ్గుతుంది? వరసలో ఆఖరున ఉన్నవాడికి కూడా వినిపించింది.

"ఐదు వేల బాకీ తల్లీ! సాయంత్రం నాలుగు లోపల సున్నా కాకపోతే నా పరువు బజార్న పడుతుంది. ఏదో దారి చూపించమ్మా!"

ఆ ఆఖరివాడు రోటరీ. ప్రెస్సులో పెద్ద మిషన్ నడుపుతాడు. ఒక మాట చెవిన పడితే గంటలో వెయ్యి కాపీలు తీస్తాడని ఆ పేరు. బండి కిస్తీ కట్టడానికి వచ్చినవాడు కిస్తీ కట్టకుండానే వెనక్కి పరుగెత్తాడు.

అరసున్న గారు మూలమీది పెద్ద దుకాణంలోకి వెళ్ళి, సరిగ్గా ఐదు వేలకు సామాను ఏరడానికి కూర్చున్నారు. కొళాయి పద్దెనిమిది వందల నలభై. గొడుగు ఆరు వందల పది. ఇస్త్రీ పెట్టె పదిహేను వందల యాభై. గోడ గడియారం ఆరు వందల నలభై. మిగిలిన మూడు వందల అరవైకి ఎర్ర పెన్సిళ్ళు పన్నెండు పెట్టెలు. మూడుసార్లు కూడి చూసుకున్నారు.

"గీకమంటారా?" అన్నాడు దుకాణదారు.

"గీకండి," అన్నారు ఆయన, పన్ను పీకించుకునేవాడిలా కళ్ళు మూసుకుని.

కళ్ళు తెరిచేలోపు జేబులో ఫోను మోగింది. మొదటి కొనుగోలుకు బ్యాంకు సంతోషించి రెండు వందల యాభై క్యాష్‌బ్యాక్ జమ చేసింది. ఆయన పళ్ళు నూరుకుని రెండు వందల యాభైకి ఒక బకెట్టు కొన్నారు. బ్యాంకు మళ్ళీ సంతోషించి పన్నెండున్నర జమ చేసింది. ఫోను చేసి అడిగితే, వంద లోపు కొంటే ఇంకేమీ రాదని ఆ అమ్మాయి భరోసా ఇచ్చింది.

"పన్నెండున్నరకు ఏమొస్తుంది?" అన్నారు అరసున్న గారు.

"ఈ రోజుల్లోనా?" దుకాణదారు నవ్వి, పెన్ను రీఫిల్లు ఒకటి బల్లమీద పెట్టాడు. "పదమూడు."

"అయితే పన్నెండున్నరే గీకండి. ఆ అర నేను చేతి..."

అప్పటికే పదమూడూ గీకేశాడు. "అర దగ్గర లెక్కేముంది సార్, పోనీండి," అన్నాడు ఉదారంగా.

సామానంతా బకెట్లో వేసుకుని ఆయన బ్యాంకుకు పరుగెత్తారు. దారిలో ప్రెస్సు గేటు ముందునుంచే వెళ్ళాలి. టీ తాగుతూ గేటు దగ్గర నిలబడ్డ మడతక్క ఆయనను చూసింది. కాగితాలు మడతపెట్టే విభాగానికి ఆవిడే పెద్ద, ఒకరి గురించి అనవసరంగా మాట్లాడే మనిషి కాదు. కాని ఎండలో బకెట్టు మోసుకుంటూ పోతున్న పెద్దమనిషి, అందులో ఇస్త్రీ పెట్టె, గోడ గడియారం, అన్నిటిమీదా కొళాయి. ఆమెకు కళ్ళు చెమర్చాయి.

"ఇంట్లో సామానంతా తెగనమ్ముకుంటున్నాడర్రా పాపం," అంది లోపలికి వచ్చి. "ఆఖరికి కొళాయి కూడా ఊడబీక్కొచ్చాడు!"

రోటరీ తెచ్చిన వార్తకు ఇంకేం సాక్ష్యం కావాలి? పదకొండింటికి ఐదు వేలున్న బాకీ పన్నెండింటికి పాతిక వేలయింది. భోజనాల వేళకు బ్యాంకు ఇల్లు జప్తు చేసింది. ఇదంతా విని అందరికన్నా ఆనందించినవాడు జిగురు. బైండింగు విభాగం పెద్ద, ఆరేళ్ళుగా కోశాధికారి. చేసే పనికి సరిపోతుందనీ, కుర్చీకి అంటుకుపోయాడనీ రెండు విధాలా ఆ పేరు కుదిరింది. ఈ వార్త ఒక్క సభ్యుడికి కూడా తెలియకుండా ఉండకూడదని అతనే స్వయంగా ప్రతి బల్లకూ తిరిగి చెప్పాడు.

బ్యాంకులో భోజన విరామం అయ్యి, వరస కదిలి, ఆయన వంతు వచ్చేసరికి మూడు కావొచ్చింది. ఆ అమ్మాయి కంప్యూటరు చూసి కళ్ళు విప్పార్చింది. "ఇప్పుడు మీరే మాకు బాకీ సార్. అర."

ఆయన అర రూపాయి బిళ్ళ తీసి అద్దం కింద నుంచి తోశారు. ఆమె వెనక్కి తోసింది.

"కడితే కనీసం వంద కట్టాలి సార్."

"వంద కడితే?"

"మేం మీకు తొంభై తొమ్మిదిన్నర బాకీ పడతాం."

అరసున్న గారు బకెట్టు పక్కన పెట్టుకుని బెంచీ మీద కూలబడ్డారు. మూడు దాటింది, కౌంటరు మూసేశారు. యాభై ఏడేళ్ళ వయసులో, జీవితంలో మొదటిసారి, ఆయన ఒకరికి బాకీ ఉన్నారు. ఆయనకు నిజంగానే ఏడుపొచ్చింది. బాకీ అర మాత్రమేనన్న సంగతి ఏమాత్రం ఊరటనివ్వలేదు. అచ్చుతప్పు అక్షరమైనా తప్పే, అరసున్న అయినా తప్పే అని కుర్రకారుకు ఇన్నేళ్ళూ చెప్పింది ఆయనే మరి.

నాలుగింటికి కాగితం గోడౌన్‌లో సభ్యులందరూ బేళ్ళ మీద కూర్చున్నారు. జిగురు కరపత్రం చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

"'ఒక్క అప్పూ చేయలేదు'ట! పొద్దున బ్యాంకులో కాళ్ళావేళ్ళా పడి ఏడ్చిన మనిషి! ఇలాంటి ఆయన చేతిలో మన సొమ్ము పెడదామా?"

బేళ్ళ మీదివాళ్ళు తలలు వంచుకున్నారు. అది తన మాటల దెబ్బే అనుకున్నాడు జిగురు.

అప్పుడు అరసున్న గారు బకెట్టుతో లోపలికి వచ్చారు. దించి, చెమట తుడుచుకుని, జేబులోంచి ఒక కాగితం తీశారు.

"తప్పొప్పుల పట్టిక," అని చదివారు. "మొదటి పుట, నాలుగో వాక్యం. 'ఒక్క అప్పూ చేయలేదు' అన్నచోట 'అప్పు చేశాను' అని చదువుకోవాలి. ఐదో వాక్యం. 'కార్డు లేదు' అన్నచోట 'ఉంది' అని చదువుకోవాలి. చింతిస్తున్నాను."

"ఎంత సార్ అప్పు?" అన్నాడు రోటరీ, ఉండబట్టలేక.

"అర..." అంటూ ఆయన ఆ బిళ్ళ కోసం జేబు తడుముకున్నారు.

"అర లక్ష!" గోడౌన్ అంతా ఒక్కసారి గుప్పుమంది.

"అందుచేత నేను పోటీలోంచి..."

"ఆగండి సార్," అంది మడతక్క, లేచి. "మీకు రెండుసార్లూ ఓటెందుకు వెయ్యలేదో చెప్పనా? మీరు మంచివారు కాదని కాదు. మా అమ్మాయి ఫీజు కోసం కాగితం పెట్టుకుంటే, అందులో అక్షరాల తప్పులు దిద్ది చేతిలో పెడతారని భయం. ఎన్నడూ అప్పు చెయ్యనాయనకి అడిగేవాళ్ళ బాధ ఏం తెలుస్తుంది? మీ మొహం చూస్తుంటే ఇవాళ తెలిసినట్టే ఉంది."

"అవును, అవును," అన్నారు బేళ్ళ మీదివాళ్ళు.

గాలి ఎటు మళ్ళిందో జిగురుకు అర్థమైంది. "నాకు మాత్రం లేవా అప్పులు?" అని అరిచాడు. "ఇంటి మీదుంది, బండి మీదుంది. కార్డులు మూడున్నాయి!"

"నిన్నటిదాకా పైసా బాకీ లేదన్నావుగా?" అన్నారెవరో.

"దాచాను! ఒట్టు!"

ఎవరూ నమ్మలేదు. లెక్కపెడితే అరసున్న గారికి యాభై ఎనిమిది, జిగురుకు పన్నెండు వచ్చాయి. మడతక్క చెమర్చిన కళ్ళతోనే వచ్చి, కోశాధికారి బల్ల తాళం చెవి ఆయన అరచేతిలో పెట్టింది.

"ఒక్క మాట," అన్నారు ఆయన, చెయ్యెత్తి. "నేను అర అన్నది..."

గోడౌన్‌లోని మొహాలన్నీ ఆయన వైపు తిరిగాయి. తాళం చెవి అరచేతిలో చల్లగా, బరువుగా ఉంది. ఎత్తిన చెయ్యి కాసేపు అలాగే ఉండి, మెల్లగా కిందికి దిగింది.

"...అందరూ సరిగ్గానే విన్నారు కదా," అని కూర్చున్నారు.

ఆ సాయంత్రం కొత్త కొళాయి బిగించాక వంటిల్లు నిశ్శబ్దంగా ఉంది. ఫోనులో బ్యాంకు సందేశం వచ్చింది. మీరు మా దగ్గర తొలి బాకీ పడినందుకు అభినందనలు, ఇప్పుడు మీకు పరపతి ఏర్పడింది అని.

"వీధంతా అర లక్ష, అర లక్ష అంటున్నారు. ఏమిటండీ అది?" అంది భార్య.

"అచ్చుతప్పు."

"మరి దిద్దలేదా?"

ఆయన కొళాయి తిప్పి గ్లాసుడు నీళ్ళు పట్టుకుని నిదానంగా తాగారు. ముప్ఫై ఏళ్ళలో ఆయన చూసి కూడా దిద్దకుండా వదిలేసిన తప్పు అదొక్కటే.