మేకు కొట్టరాదు

అద్దెదారుల హక్కులకు మన దగ్గర ఎలాంటి లోటూ లేదని ముందే మనవి చేస్తున్నాం. చట్టం ఉంది. దానికో ఆఫీసు ఉంది. ఆ ఆఫీసులో ఫ్యాను కూడా తిరుగుతుంది.

ఇక మన దర్జీ సంగతి. ఇంటి ఓనరు మహాశయుడు ఎంతో ప్రేమగా రాయించిన నలభై ఒక్క షరతుల కింద, అందరిలాగే చదవకుండా సంతకం గీకి ఇంట్లో దిగాడు. ఒకటో షరతు: గోడకు మేకు కొట్టరాదు. రెండోది: కొట్టే ఉద్దేశంతో సుత్తి ఉంచుకోరాదు. మూడోది: పక్కింటివాళ్ళ సుత్తి అడగరాదు. ఆ గోడల మీద ఉన్న మమకారం ఓనరుకు కన్నబిడ్డల మీద కూడా లేదు. బిడ్డలు అద్దె తెచ్చిపెట్టరు కదా!

అందుచేత దర్జీ మామగారు కుర్చీలో ఉంటున్నారు. అంటే, ఆయన పోయి మూడేళ్ళయింది, ఉన్నది పటం. ఇంటికున్న ఒక్క కుర్చీ ఆయనదే. కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళు ఎలాగూ నిలబడాల్సినవాళ్ళే కనుక వ్యాపారానికి ఇబ్బంది లేదు. రోజూ పొద్దున్నే దర్జీ ఆ కుర్చీ ముందు నిమిషంసేపు తల వంచుకుని నిలబడాలి. ఇది అత్తగారి షరతు.

ఓరోజు ఒక లావుపాటి ఆసామి చూసుకోక మామగారి మీద కూర్చోబోయాడు. చొక్కాలకు కాజాలు కుట్టేది అత్తగారే, ఆవిడ సూది కింద పెట్టేసింది.

"ఆయన గోడెక్కేదాకా ఒక్క కాజా కుట్టను, అల్లుడూ!"

కాజా లేనిదే చొక్కా లేదు. వారం తిరిగేసరికి పదిహేడు చొక్కాలు బల్ల మీద పోగుపడ్డాయి. దర్జీ ఓనరు కాళ్ళావేళ్ళా పడ్డాడు.

"మీ మామగారి పేరు ఒప్పందంలో లేదే! అదనపు మనిషిని ఎలా తెచ్చావయ్యా?" అన్నాడు ఓనరు.

ఇక చట్టమే దిక్కని దర్జీ ఆఫీసుకు వెళ్ళాడు. అధికారి ఎదుట కుర్చీలో, దుమ్ము పేరుకుపోయిన పెద్ద పటం ఒకటి ఉంది. దర్జీ అలవాటు కొద్దీ నిమిషంసేపు తల వంచుకుని నిలబడ్డాడు.

"పాపం, ఎప్పుడు పోయారండీ?"

"ఎవరూ పోలేదయ్యా! అది అద్దెదారుల చట్టం. గోడకు తగిలించాలని రూలు. ఈ బిల్డింగూ అద్దెదే, మేకు కొట్టనివ్వట్లేదు."

అధికారి మాత్రం ఒప్పందం ఆసాంతం చదివాడు. లోకంలో దాన్ని పూర్తిగా చదివిన మొదటి మనిషి ఆయనే. దర్జీకి ప్రాణం లేచొచ్చింది.

"ఎంత పకడ్బందీగా రాశాడయ్యా! ఓ జిరాక్సు తీయించి ఇస్తావా? మా పైవాటాలోకి కొత్తగా ఒక కుటుంబం వస్తోంది."

జిరాక్సు ఇచ్చి దర్జీ ఇల్లు చేరాడు.

"ఏమయింది అల్లుడూ?"

"అక్కడ చట్టాన్నే కుర్చీలో కూర్చోబెట్టారత్తయ్యా."

అత్తగారు లేచి కుర్చీ దగ్గరికి వెళ్ళింది. కొంగుతో పటం తుడిచింది.

"అయితే ఆయనది సర్కారీ హోదాయేనన్నమాట!" అని సూదిలో దారం ఎక్కించింది.

అధికారిగారి పైవాటాలో కుటుంబం దిగింది. ఆయన సొంతంగా నలభై రెండో షరతు చేర్చారు: పటాలకు కుర్చీ వేయరాదు. వాళ్ళు చదవకుండానే సంతకం పెట్టారు.

నవ్వకండి. మీ ఒప్పందంలో నాలుగో షరతేమిటో చెప్పండి చూద్దాం.