పదిహేడో మిషను మీది చొక్కా

ఆ ఉదయం అరంగుళమక్క వేసుకున్న పథకం చాలా చిన్నది. భర్త మేకుకు తగిలించి మరచిపోయిన కొలతల టేపు తీసుకెళ్లి ఇవ్వడం, ఆ వంకతో పదిహేడును ఒక్కసారి కళ్లారా చూడటం, తిరిగొచ్చి బట్టలు ఆరేసుకోవడం. ఆయన టేపు మరచిపోలేదనీ, పొద్దున్నే ఆయన సంచీలోంచి తీసి మేకుకు తగిలించింది తానేననీ మాత్రం ఆమె తనతో తాను కూడా చెప్పుకోలేదు.

వీధిలో ఆమెకు ఆ పేరు ఊరికే రాలేదు. ఎదురింటి కర్టెను ఒక పక్క అరంగుళం కిందకి దిగితే ఆమెకు ముద్ద దిగదు. ఇరవై రెండేళ్లుగా ఇంట్లోనే కుట్టుపని చేస్తోంది. భర్త టైలరు మాస్టరు. నగరపాలక సంస్థ ప్రతి వేసవిలో పేదింటి పిల్లలకు ఏదో ఒక పని నేర్పిస్తుంది. ఈ ఏడాది కుట్టు నేర్పే బాధ్యత ఆయనకు అప్పగించారు. ఇరవై నలుగురు, ఇరవై నాలుగు మిషన్లు, ఆరు వారాలు. చివర్లో అందరిలోకీ ఒక్కరికి, యూనిఫాంలు కుట్టే విభాగంలో ఉద్యోగం. అన్ని పేర్లు గుర్తుపెట్టుకోవడం చేతకాక ఆయన అందర్నీ మిషను నంబరుతోనే పిలిచేవాడు.

మొదటివారం పదిహేడుది భలే చెయ్యి అన్నాడు. రెండోవారం పదిహేడు వేసిన కాలరును కళ్లకద్దుకోవాలన్నాడు. మూడోవారం నుంచి భోజనానికి కూర్చుంటే పదిహేడు, లేస్తే పదిహేడు. పందొమ్మిదేళ్ల పిల్లట, తండ్రి లేడట, తల్లి నాలుగిళ్లలో పనిచేస్తుందట, ఈ ఉద్యోగం వస్తే ఆ తల్లి రెండిళ్లు మానుకోవచ్చునట.

అక్కకు పిల్ల మీద వేరే అనుమానమేమీ లేదు. అదే ఉంటే ఒక్కరోజులో తేల్చిపారేసేది. ఆమె కడుపుమంటంతా ఆ కాలరు గురించే. ఇరవై రెండేళ్లలో ఆమె కుట్టినదేదీ బాగుందని ఆయన నోటివెంట రాలేదు. బాగాలేదనీ రాలేదు. వేసవికి ముందు కూడా, కొత్త గుడ్డ ఉతికితే ఎంత ముడుచుకుంటుందో చూడాలంటూ ఒక నీలం చొక్కా ఆమె చేత హడావుడిగా కుట్టించి పట్టుకుపోయాడు. అది ముడుచుకుందో లేదో కూడా వచ్చి చెప్పలేదు.

ఆడపడుచుతో ఫోనులో ఈ గోడు వెళ్లబోసుకుంటే ఆవిడ నవ్వింది. "వదినా, అన్నయ్య నిన్ను పొగడలేదంటే నమ్ముతాను. ఇంకొకళ్లని పొగిడాడంటే మాత్రం నువ్వెళ్లి చూసి రావాల్సిందే."

అక్క గొడుగు తీసుకుని బయల్దేరింది.

శిక్షణ పాత వార్డు ఆఫీసు హాల్లో జరుగుతోంది. సరిగ్గా ఆ రోజే పది గంటలకు తనిఖీకి ఆఫీసు నుంచి ఒక మేడమ్ వస్తారనీ, ఆవిడ రిజిస్టరులో రాసేదాన్ని బట్టే ఉద్యోగం ఎవరిదో తేలుతుందనీ వాచ్‌మన్‌కు చెప్పి, ఆవిడను వెంటబెట్టుకు రావడానికి మాస్టరు బస్టాపుకు వెళ్లాడు. ఆయన అటు వెళ్లిన కాసేపటికి, చేతిలో గొడుగు, మెడలో కళ్లజోడు తాడు, ముడిపడిన కనుబొమలతో ఒకావిడ వచ్చి, గేటు ఎడమ రెక్క కిందకి వాలిందని చెప్పింది. వాచ్‌మన్‌కు ఇంకో సాక్ష్యం అక్కర్లేకపోయింది. రెండు రెక్కలూ బార్లా తెరిచాడు.

మాస్టరు గారేరని ఆమె అడిగితే, "మీ కోసమే వెళ్లారు మేడమ్" అని కుర్చీ తుడిచాడు. టేపు కోసం ఇంటికే బయల్దేరాడు కాబోలనుకుని ఆమె కూర్చుంది. ఫ్యాను ఆమె వైపు తిరిగింది. టీ వచ్చింది. పిల్లలంతా లేచి నిలబడ్డారు. ఇంట్లో ఆమె వస్తే పిల్లి కూడా లేవదు. మాస్టరు భార్యకు ఇంత మర్యాద ఉంటుందని తెలిస్తే ఎప్పుడో వచ్చేదాన్ననుకుంది. ఇంతలో "తనిఖీ అధికారి అభిప్రాయం" అని రాసున్న పేజీ తెరిచి రిజిస్టరూ, పెన్నూ ముందు పెట్టారు. అప్పుడు అర్థమైంది.

అప్పుడే లేచి వచ్చేయవలసింది. ఆ ఆలోచన ఆమెకూ వచ్చింది. కానీ ఎదురుగా పదిహేడో మిషను ఉంది. దాని పైన మేకుకు, హ్యాంగరు మీద, ఒక నీలం చొక్కా వేలాడుతోంది.

"పదిహేడు నువ్వేనా?"

"అవును మేడమ్," అంది సన్నగా ఉన్న ఒక పిల్ల.

"ఆ చొక్కా ఇలా పట్రా."

"మేడమ్, అదీ..."

"అడిగినప్పుడు చెబుదువుగాని."

అక్క చొక్కాను కిటికీ వెలుతురుకెత్తి చూసింది. బాగుంది. ఆయన చెప్పిందంతా నిజమే. తర్వాత ఆమె సంచీలోంచి టేపు తీసింది. టేపు చేతికొస్తే ఆమెకు తప్పు దొరక్కపోవడమంటూ ఉండదు. కాలరు ఎడమ మొన కుడి మొన కంటే నూలుపోగంత పొడవు. జేబు పావంగుళం వాలింది. మూడో కాజా తొందరలో కుట్టింది.

"పొయ్యి మీద పాలు పెట్టి మధ్యలో వచ్చి కుట్టినట్టుంది," అంది హాలంతా వినేలా.

"మేడమ్, నేను చెప్పేది ఒక్కసారి వినండి..."

"చెప్పడం కాదమ్మా, కుట్టడం రావాలి."

మొత్తం ఏడు తప్పులు రాసింది. కింద, "ఈ చొక్కా కుట్టిన వ్యక్తి ఉద్యోగానికి తగరు" అని రాసి, ఎవరికీ అర్థంకాని సంతకం పెట్టింది. ఆరు వారాల తర్వాత ఆమెకు ప్రాణం హాయిగా ఉంది.

ఈలోగా గేటు దగ్గర గుడ్డసంచీతో ఇంకో అమ్మాయి ఆటో దిగింది. ఇంత ఆలస్యంగానా రావడం, లోపల తనిఖీ జరుగుతోంది, నోరు మెదపకుండా వెళ్లి కూర్చోమని వాచ్‌మన్ ఆమెను మందలించి, జ్వరంతో రాని పిల్ల తాలూకు ఎనిమిదో మిషను చూపించాడు. ఆ అమ్మాయి కూర్చుని, చెయ్యి గడ్డానికి ఆనించి, జరిగేదంతా శ్రద్ధగా చూసింది.

చివరికి మాస్టరు చెమటలు కక్కుతూ వచ్చాడు. "బస్సులన్నీ చూశాను, ఆవిడ రాలే..." అంటూ కుర్చీలో ఉన్న మనిషిని చూశాడు. "నువ్వెందుకొచ్చావు?"

ఎనిమిదో మిషను దగ్గరి అమ్మాయి లేచింది. "నేనూ అదే అడుగుదామనుకుంటున్నానండీ. ఆఫీసు నుంచి వచ్చింది నేను."

వాచ్‌మన్‌కు ఉన్నట్టుండి గేటు రెక్క సంగతి గుర్తొచ్చింది.

అధికారి రిజిస్టరు తీసి ఏడు తప్పులూ నింపాదిగా పైకి చదివింది. చివరి వాక్యం చదివేసరికి పదిహేడు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఈసారి మాత్రం ఎవరూ ఆపకముందే మాట్లాడింది.

"అది నేను కుట్టింది కాదు మేడమ్. సార్ తెచ్చిన నమూనా. మేమంతా దాన్ని చూసే నేర్చుకున్నాం. మా ఇంటావిడ కుట్టింది, దీనికి సగం వచ్చినా మీరు బతికిపోతారు అని సార్ రోజూ చెప్తారు."

అక్క మాస్టరు వైపు చూసింది. మాస్టరు సూదుల డబ్బా వైపు చూశాడు. వేసవికి ముందు ఆ నీలం చొక్కా హడావుడిగా కుడుతుంటే పాలు పొంగిన ఉదయం ఆమెకు స్పష్టంగా గుర్తొచ్చింది.

పేజీలకు నంబర్లున్నాయి, చింపడానికి వీల్లేదు, రాసినవాళ్లే కింద సరిచేయాలంది అధికారి. పదిహేడు తన చొక్కా తెచ్చిచ్చింది. అక్క కొలిచింది. జేబు నిటారుగా ఉంది. కాజాలు ముత్యాల్లా ఉన్నాయి. తన దానికంటే బాగుంది. కాలరు ఎడమ మొన ఒక్కటే నూలుపోగంత పొడవు. అనుమానమొచ్చి మిగతావాళ్ల చొక్కాలు కూడా తెప్పించింది. అన్నిటికీ ఎడమ మొన అంతే పొడవు.

కళ్లజోడు పెట్టుకుని పెన్ను తీసుకుంది. తర్వాత కుదురుగా రాసింది: "పై చొక్కా నాది, తప్పులూ నావి. పదిహేడు కుట్టింది కొలిచి చూశాను. అందులో ఉన్న ఒక్క తప్పు కూడా నాదే." అధికారి దాని కింద సంతకం పెట్టి, ఉద్యోగం గడిలో పదిహేడు అని వేసింది.

ఆ పూట మాస్టరు భోజనం దగ్గర ఎవరి పేరూ, ఏ నంబరూ ఎత్తలేదు.

"ఊరందరికీ చెప్పే బదులు, బాగుందని నాతో ఒక్కసారి అనొచ్చుగా," అంది ఆమె.

"నీతో అంటే, ఎంత బాగుందో కొలిచి చూపించమంటావు."

అడిగేదే. కానీ టేపు ఆ హాల్లో రిజిస్టరు మీద మరచిపోయి వచ్చారు, ఈసారి నిజంగానే.